తరుగు గడి

దామలచెరువు మామిడి మండీలో
చిట్టాలు రాసే పని నాది.
జేబులో ఒక పెన్ను, చెవి మీద ఇంకొకటి,
ఒళ్ళంతా తోతాపురి సొన వాసన.

దేశమ్మ ఆ పొద్దు పద్నాలుగు క్రేట్లు దించింది.
కాటా మీద అంకె చూసింది.
ఏమీ అనలా.
చెప్పులు విడిచి, కొంగు దోపుకొని
తనే కాటా ఎక్కి నిలబడింది.
"నన్ను తూచు నైనా."

నలభై ఏడు.

"నిన్న పాకాల ఆస్పత్రిలో యాభై ఒకటి ఉంటిని.
రాత్రికి రాత్రే నాలుగు కేజీలు యాడికి పోయినాయి?"

హమాలీలు నవ్వినారు.
"అప్పులకు చిక్కిపోయుంటావులే మే" అన్నాడొకడు.
మా యజమాని చెంగల్రాయులు నవ్వలా.
చెయ్యి పైకెత్తి
"కాణిపాకం సామి మీద ప్రమాణం, నా కాటాలో మోసం లేదు" అన్నాడు.
గుంపు సగం మెత్తబడింది.
మా పక్క ప్రమాణానికి అంత బరువు.

దేశమ్మ కాటా దిగి
చెప్పుల్లో కాళ్ళు పెడతా అనింది:
"ఈ ఎండలో సామిని ఇంత దూరం ఎందుకన్నా నడిపించేది?
నువ్వు అబద్ధమాడతా ఉండావని నేననలా.
రెండు కాటాలు రెండు మాటలు చెప్తా ఉండాయి.
అంతే నేననేది."

కాయల మీద గోనెపట్ట కప్పి బస్సెక్కింది.
పాకాల స్టేషన్లో
రంగు బల్బులు తిరిగే మిషన్లో రూపాయి వేసింది.
అట్టముక్క రాలింది.
ముందర పక్క నలభై ఏడు.
వెనక పక్క: త్వరలో మీకు ధనయోగం.
తిరిగొచ్చినాక ఆ అట్ట నాకే ఇచ్చింది,
"వెనక పక్కది నువ్వు పెట్టుకో" అని.

ఇద్దురు ఒకటే మాటంటే అది నిజమైపోతుందా?
ఇనుప సామాన్ల అంగడిలో
సర్కారు ముద్ర ఉండే ఇరవై కేజీల గుండును
అడిగి, బతిమాలి,
ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది.
మా కాటా మీద దించింది.

ఇరవై.
నూలుపోగంత తేడా లేదు.

చుట్టూ నిలబడిన రైతులంతా
దొంగ దొరకతాడని చూసినోళ్ళే.
దొరకలా.
గుండు ఎత్తుకొని గమ్మున పోవచ్చు. ఎవురడిగేది?
అందరికీ వినబడేటట్టు చెప్పింది:
"కాటా సరిగ్గానే ఉంది. నేననుకున్నదే తప్పు."
మండీలో అరుపులు విన్నా, తిట్లు విన్నా, శాపనార్థాలు విన్నా.
ఆ మాట మాత్రం మొదటిసారి విన్నా.

అంతటితో ఇంటికి పోయే మనిషి కాదు.
మర్నాడు ఆస్పత్రికి పోయిందంట.
"పిలకాయలకు బరువు చూసే గదమ్మా మందు పోసేది?"
నర్సమ్మ విసుక్కుంటానే వంగి చూసింది.
ఎవురూ ఎక్కకుండానే
ముల్లు నాలుగు కాడ నిలబడి ఉంది.
ఎన్నాళ్ళ నుంచో.

ఇంక నా సంగతి.
కాటా నిజమే చెప్తాదని నాకు ముందే తెలుసు.
కాటాతో మాకేం పని?
చిట్టాలో మూడో గడి ఉంది.
టన్నుకు ఇంతని కొట్టేసే గడి.
దాన్ని నింపేది ఈ చెయ్యే.
అందురూ కాటాను చూస్తా ఉంటే
పెన్నును చూసేదెవురు?

మూడో రోజు డబ్బులకని వచ్చి
దేశమ్మ చిట్టాను వెలుతురికి పట్టింది.
అక్షరాలు రావు. అంకెలొస్తాయి.
సొన కాలి నల్లబడిన వేలు
మూడో గడి మీద ఆనించి
"దీని పేరేంది నైనా?"

"తరుగు."

"ఏం తరిగింది?"

"అందరికీ రాసేదే గదమ్మా.
మా నాయన ఇక్కడ రాసే కాలం నుంచీ ఉండేదే."

"ఉండేది సరే. ఏం తరిగిందంటా?"

చెంగల్రాయులు ఫోన్ చెవికానించి
లారీల పక్కకు నడిచిపోయినాడు.
ఆమె వేలు తియ్యలా.
వెనక వరసలో ఒకాయన
తన చిట్టా మడత విప్పినాడు.
ఆయన వెనక ఇంకొకామె.

నేను పెన్ను మూత కోసం
జేబులన్నీ తడుముకుంటా ఉండా.